వెర్లీన్ అక్క రేడియో

వెర్లీన్ అక్కా నేనూ అలబామాలో ఆడవాళ్ళ జైల్లో పద్దెనిమిదేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. అక్క మొగుణ్ణి చంపింది. వాడు చావాల్సినవాడేలే, ఆ సంగతి వేరే.

లోపల మాకమ్మే సామానంతా గాజులా ఉంటుంది. టీవీ, ఫ్యాను, రేడియో, ఏదైనా సరే. గార్డు ఎత్తి వెలుతురుకి పట్టిందంటే, మేం దాంట్లో ఏం దాచామో కనబడిపోవాల. మిగతావాళ్ళకి చిరాకు. అక్కకి మాత్రం ఆ రేడియో ప్రాణం. ఆకుపచ్చ పలక, ఎర్ర తీగ, స్పీకరు వెనకాల అయస్కాంతం చూసుకుంటా కూర్చునేది. "నా బతుకులో నా దగ్గర ఏదీ దాచంది ఇదొక్కటేనే" అనేది. దాని నెత్తిన అక్క ఖైదీ నంబరు చెక్కి ఉండేది.

మాకో కట్టుబాటుంది. విడుదలయ్యే మనిషి తన రేడియోని లోపలుండేదానికి ఇచ్చి పోవాల. వెంట తీసుకుపోతే అది మళ్ళీ లోపలికి లాక్కొస్తుంది. అక్కని వదిలిన రోజు చెప్పా, వినలా. సంచిలో పెట్టుకుని పోయింది.

రెండేళ్ళకి నేనూ బయటపడ్డా. వారం తిరక్కుండానే అక్క కూతురు జొనెటా ఫోన్ చేసింది. అమ్మ ఇల్లు పాడుచేస్తోంది, నావల్ల కాదు, పంపించేస్తానంది. ఆ ఇంట్లో ఉండాలనే షరతు మీద అక్కని వదిలారు. అక్కణ్ణించి గెంటితే మళ్ళీ జైలే.

పోయి చూద్దును కదా, టీవీకీ ఫోనుకీ గోడ గడియారానికీ మూతల్లేవు. అక్క అన్నీ ఊడదీసింది. పొట్ట కోసిన కోళ్ళలా పడున్నాయి. "మూసున్నదాంట్లో ఎవరున్నారో ఏం తెలుసే?" అంది.

ఇంతలో నాలుగైంది. లోపల నాలుగింటికి తలకాయలు లెక్కపెడతారు, ప్రతిదీ తలుపు దగ్గర నిలబడాల. అక్క లేచి నిలబడింది. సిగ్గేస్తోంది చెప్పడానికి, నేనూ నిలబడ్డా.

బల్ల మీదున్న అక్క రేడియో గరగరమంది. ఆడగొంతొకటి అక్క నంబరు పిలిచింది. "ఉన్నా" అంది అక్క.

బ్యాటరీ గూడు ఖాళీ. కరెంటు తీగా లేదు. అంతా కనబడతానే ఉంది, ఏదన్నా దాక్కోడానికి దాంట్లో చోటేదీ?

జొనెటా నా చెయ్యి పట్టుకుంది. "రోజూ ఇంతే పిన్నీ. మూతలు ఊడదీస్తే నాకేంటి, నా భయం దీనికి."

"అక్కా, అది నాకిచ్చెయ్" అన్నా.

"లోపలున్నదానికే ఇవ్వాలి కదే."

"నాలుగింటికి లేచి నిలబడ్డా. నేనెక్కడున్నట్టు?"

 అక్క రేడియో తీసి నా చేతుల్లో పెట్టింది.

అక్క ఆ ఇంట్లోనే ఉంది. మూతలన్నీ బిగించేసిందంట. మొన్న నాకు పీచ్ పళ్ళు పంపించింది. రేడియో నా వంటింటి కిటికీలో ఉంది. ఎండ పడినప్పుడు ఆ ఎర్ర తీగ ముచ్చటగా ఉంటుంది, అబద్ధమెందుకూ. చెక్కింది ఇప్పటికీ అక్క నంబరే. నాలుగింటికి పిలిచేది మాత్రం నాది.