నీటి మీద సంతకు ప్రయాణం

సూరమ్మను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె కింది పెదవి చిట్లి ఉంది. 1968లో రాయపూర్ వ్యాగన్ షాపు క్వార్టర్లలోకి నేనూ మా చెల్లెలు గ్రేసూ దిగిన రోజు అది. పక్కింటి నుంచి బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టి, "నల్లా పొద్దున్న ఆరింటికే వస్తాది. అప్పటికి బిందెలు ఎట్టేసుకోండమ్మా" అంది. పెదవి సంగతి నేను అడగలేదు. తర్వాత పాతికేళ్ళ పాటూ అడగలేదు.

ఆమె భర్త నూకరాజు బొబ్బిలి వైపు మనిషి. షాపులో సమ్మెట పని. తుప్పు పట్టి బిగుసుకుపోయిన రివెట్లను రాలగొట్టేవాడు. మిగతావాళ్ళు నాలుగు దెబ్బలు వేసేచోట అతను రెండే వేస్తాడని షాపులో పేరు. మా రెండిళ్ళ మధ్య ఒంటి ఇటుక గోడ. నేను రైల్వే బడిలో పంతులమ్మని, సాయంత్రాలు పుస్తకం తప్ప మరో వ్యాపకం లేదు. గోడ అవతల దెబ్బ పడినప్పుడు చదువుతున్న వాక్యం మీద వేలు పెట్టి ఆగేదాన్ని. చప్పుడు ఆగాక మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టేదాన్ని.

ఒక ఏడు రెండు పక్కటెముకలు విరిగాయి. ఒక ఏడు కాగుతున్న గంజి భుజం మీద పోశాడు. 1979లో ఎడమ చెవి పోయింది. కట్లు గ్రేసే కట్టేది, ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సు. "పోలీసులకి చెబుదామా అక్కా" అంటే సూరమ్మ, "సెప్తే ఆడు బయటికొచ్చాక నన్ను సంపేత్తాడు. నువ్వు గుడ్డ బిగించి కట్టు సాలు" అనేది.

ఆమెకు ఎండు చేపల బేరం ఉండేది. వాల్తేరు పాసింజరులో గంపలు దిగేవి. బీర్‌గావ్ సంతలో కూర్చుని ఫ్యాక్టరీ కూలీలకు అమ్మేది. కొనేవాళ్ళు ఎడమ వైపు నుంచి అడిగితే మొత్తం మనిషి తిరిగి కుడి చెవి ఇచ్చేది. పొట్లాలకు పాత వారపత్రికలు నా దగ్గర తీసుకునేది. 1992 మొదట్లో ఒకరోజు అలా ఇచ్చిన కాగితాల్లోంచి ఒకటి తిరిగి తెచ్చింది. బ్యాంకాక్ నగరం గురించిన వ్యాసం. కాలవలో పడవలు, పడవల నిండా కూరగాయలు, పండ్లు, చేపలు. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు తెడ్డు పక్కన పెట్టి తూకం వేస్తున్నారు.

"దీంట్లో సేపలు సుట్టబుద్ధి కాలేదు టీచరమ్మా. నీల్ల మీద కూకుని అమ్ముతారేటి? సంతకి సుంకం ఎవుడు వసూలు సేస్తాడో. ఈదుకుంటా రావాల." నవ్వింది. ముందు పన్ను ఒకటి అప్పటికే లేదు.

వ్యాసం మొత్తం చదివించుకుంది. ఆ వారంలోనే నూకరాజుకు ఆ బొమ్మ చూపించి, రిటైరయ్యేలోపు విమానం ఎక్కుదామంది. అతను ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. కానీ వ్యాగన్ షాపులో విమానం ఎక్కిన సమ్మెట మనిషి లేడు. మర్నాడే వెళ్ళి అందరికీ చెప్పేశాడు. అతని మేస్త్రీ సత్తిరాజు, "ఏరా బ్యాంకాకు, టిఫిను తిన్నావేటి?" అని పిలవడం మొదలుపెట్టాడు. ఇక వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

పాస్‌పోర్టు ఫోటోలకు తెలీబంధా పేటలోని స్టూడియోకి వెళ్ళాల్సిన రోజుకు ముందు రోజు కూరలో ఉప్పు విషయంలో సూరమ్మ కన్ను వాచిపోయేలా కొట్టాడు. స్టూడియోవాడు ఆమెను చూసి కెమెరా మూసేశాడు. ఈ మొహంతో పాస్‌పోర్టు రాదు, నెల ఆగి రమ్మన్నాడు. నూకరాజు గుమ్మంలో నిలబడి తలెత్తలేదట. ఆ సాయంత్రం సూరమ్మ ఆ కన్నుతోనే నా దగ్గరికి వచ్చింది.

"పాసుపోర్టు ఇచ్చేముందు పోలీసోడు ఇంటికొస్తాడంట గదా?"

"వస్తాడు. పాత కేసులున్నాయా అని ఇరుగుపొరుగుని అడుగుతాడు."

"పెళ్ళాన్ని కొడతాడా అని అడగడా?"

"అడగడు."

కాసేపు నా పుస్తకాల బీరువాకేసి చూసింది. "అడుగుతాడని సెప్పమ్మా. సదువుకున్నదానివి, నువ్వు సెప్తే నమ్ముతాడు."

చెప్పాను. ఫారం నింపుతూ, తల పైకెత్తకుండా, ఇంట్లో గొడవలున్నట్టు తెలిస్తే ఫైలు మూసేస్తారని చెప్పాను. నూకరాజు పిడికిలి మోకాలి మీద పెట్టుకుని విన్నాడు. "ఎన్నాల్లు అడుగుతారు టీచరమ్మగారూ?" అన్నాడు.

"పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా."

గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. నూకరాజు చెయ్యి ఎత్తినా, గోడకేసి గుద్దుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి గుద్దిన దెబ్బకి మా వైపు సున్నం పెచ్చు ఊడి బల్ల మీద పడింది. సాయంత్రాలు మా వరండాలో కూర్చుని మొదటి రోజు రాజుగారి మేడ, రెండో రోజు పడుకున్న బుద్ధుడు అని వేళ్ళు మడిచేవాడు. సూరమ్మ పడవల సంతను ఎప్పుడూ ఆఖరి రోజుకే నెట్టేది. ఫారంలో తప్పులు దొర్లాయని రెండుసార్లు తిరిగి రాయించింది. అందులో ఒక తప్పు నేను కావాలని రాసిందే.

పాస్‌పోర్టు విచారణకు హవల్దారు వచ్చే రోజుకి సూరమ్మ వాకిళ్ళన్నీ తిరిగి అందరికీ ఒకే ముక్క నేర్పింది. ఎదురింటి పైడమ్మ, పక్క వరస అప్పారావు, నేను, ముగ్గురమూ అదే అన్నాం: "ఆ ఇంట్లో గొడవల్లేవు సాబ్." హవల్దారు రాసుకుని టీ తాగి వెళ్ళాడు.

1993 మార్చిలో భోపాల్ నుంచి రెండు రిజిస్టరు కవర్లు వచ్చాయి. నూకరాజు డ్యూటీలో ఉన్నాడు. పోస్ట్‌మ్యాన్ కాగితం మీద వేలిముద్ర వేసి, సూరమ్మ కవర్లు విప్పకుండా నా ఇంటికి తెచ్చింది.

"దాచమ్మా. ఇయ్యి రాలేదు."

నిఘంటువు వెనక పెట్టాను. ఏడు నెలలు అక్కడే ఉన్నాయి.

అక్టోబరులో ఒక ఆదివారం నేను చర్చి నుంచి వస్తుండగా టీ కొట్టు దగ్గర నూకరాజు లేచి పరిగెత్తినట్టు వెళ్ళడం చూశాను. బెంచీ మీద పోస్ట్‌మ్యాన్ బిత్తరపోయి ఉన్నాడు. "పాస్‌పోర్టు కవర్లు ఎప్పుడో మార్చిలోనే ఇచ్చానన్నాను, అంతేగదా" అన్నాడు.

నేను వెళ్ళేసరికి వాకిట్లో సూరమ్మ జుట్టు అతని ఎడమచేతికి చుట్టుకుని ఉంది. కుడిచేత్తో కొడుతున్నాడు. ఏడాదిన్నర ఆపుకున్న చెయ్యి అది. "ఎవుర్ని ఎర్రోన్ని సేద్దామనే? షాపంతా నవ్వుతుంటే ఏడాదిన్నర కుక్కలాగ పడుండాన్నే!" చెంప మీద, మెడ మీద, విరిగి అతికిన పక్కటెముకల మీద. ఆమె కింద పడితే బూటుకాలితో తన్నాడు. నోట్లోంచి రక్తం చేపల గంప మీద పడింది. పైడమ్మ గుమ్మంలో ఉంది. అప్పారావు గేటు పట్టుకుని ఉన్నాడు. నేను "ఆపండి" అన్నాను. బడిలో నలభై మందికి వినిపించే గొంతు అప్పుడు నాకే వినిపించలేదు.

సూరమ్మ పాక్కుంటూ గుమ్మం లోపలికి పోయింది. ఆమెను కాలు పట్టి లాగడానికి నూకరాజు వంగి, కుడిచెయ్యి గడప రాయి మీద ఆనించాడు. లోపల తక్కెడ పక్కన రెండు కిలోల ఇనప గుండు ఉంటుంది. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి ఆ చేతి మీద దించింది. ఎముక నలిగిన చప్పుడు వీధి దాకా వినిపించింది. అతను అరిచి చెయ్యి లాక్కునేలోపే రెండోసారి దించింది. మూడోసారి ఎత్తి, కొట్టకుండా గుండు ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరగిలబడింది.

"రెండేలే," అంది రొప్పుతూ. "నీ లెక్కే."

ఆసుపత్రి నుంచి కబురు వెళ్ళి సాయంత్రానికి హవల్దారు వచ్చాడు, అదే మనిషి. గడప మీద రక్తం ఇంకా కడగలేదు. ఏం జరిగిందని పైడమ్మని అడిగాడు. ఆమె పమిట సర్దుకుని, "ఆ ఇంట్లో గొడవల్లేవు సాబ్" అంది. అప్పారావు గేటు వదలకుండా అదే అన్నాడు. హవల్దారు నావైపు తిరిగాడు. నేను బైబిలు ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాను.

"గొడవల్లేవు," అన్నాను. ఈసారి గొంతు బాగానే పలికింది.

ఆసుపత్రిలో నూకరాజు కూడా తూకం గుండు జారిపడిందనే చెప్పాడు. పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టిందంటే సత్తిరాజు బతకనివ్వడు మరి. మూడు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. సమ్మెట పని పోయి గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. ఇంట్లో గుండు తక్కెడ పక్కనుంచి గుమ్మం పక్కకి మారింది. గోడ అవతల మళ్ళీ చప్పుడు వినలేదు.

దెబ్బలు మానాక సూరమ్మ వచ్చి నిఘంటువు తీయించింది. తన కవరు చింపి, తన ఫోటో చాలాసేపు చూసుకుంది.

"ఆయనది?"

"అక్కడే ఉండనీ. నువ్వు రా టీచరమ్మా. అచ్చరాలు సదవడానికి ఒకరుండాల గదా. పడవల సంత మొదటిరోజే."

నా ఫారం నేనే రాసుకున్నాను, తప్పులు లేకుండా. విచారణకు వచ్చిన హవల్దారు పక్కింటి సాక్షిగా సూరమ్మనే పిలిచి నేను ఎలాంటి మనిషినని అడిగాడు. ఆమె అతనివైపు కుడి చెవి తిప్పి విని, తనకొచ్చిన హిందీలో నిదానంగా చెప్పింది: పాతికేళ్ళు అంతా విని ఊరుకుంది సాబ్, ఇప్పుడు బాగానే ఉంది.

హవల్దారు ఆఖరి రెండు ముక్కలే రాసుకున్నాడు.