మూడు రాళ్ళూ ఒక వేపకొమ్మా

పొద్దున్నే కిటికీ తెరిస్తే కాగుతున్న తారు వాసన. మా వీధి రోడ్డును వెడల్పు చేస్తామని తవ్విపోసి ఎన్ని నెలలైందో నాకైతే లెక్క తప్పింది. సగం గొయ్యి, సగం కంకర, మిగిలిన ఆ కాస్త దారిలోనే మణుగూరు నుంచి వచ్చే బొగ్గు టిప్పర్లూ, భద్రాచలం పోయే బస్సులూ, ఆటోలూ ఎదురెదురుగా ఇరుక్కుని హారన్లు కొడుతుంటాయి. నేను పాఠాలు చెప్పే బడి రోడ్డుకు అవతల ఉంది. దాటడానికే పావుగంట పడుతుంది కాబట్టి తిట్టుకోని రోజు లేదు. అయినా ఆ తారు వాసన తగిలినప్పుడల్లా నా ముక్కు దాని వెనక ఇంకో వాసన కోసం వెతుకుతుంది. ఎండకు మెత్తబడ్డ తారు, దాని మీద ఎండుతున్న ఇప్పపువ్వు, రెండూ కలిస్తేనే నాకు ఎండాకాలం.

నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కాలనీలో క్వార్టర్ దొరకక ఈ అడవి అంచు ఊళ్ళో, ముత్తమ్మత్త ఇంటి పక్కన కిరాయికి దిగాం. మాకు చుట్టరికమేమీ లేదు, పక్కింటావిడ గనక అత్త. ఆమెకున్న చారెడు చేను వానను నమ్ముకునేది, ఆమె అడవిని నమ్ముకునేది. శ్రీరామనవమి దగ్గరపడే రోజుల్లో తెల్లవారుతూనే గంప పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోయేది, ఎండ ముదిరేలోగా గంప నిండా లేత పసుపు పువ్వుతో తిరిగొచ్చేది. ఆ వాసన తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, ఇంటిల్లిపాదినీ మత్తులో పెట్టేది. ఎండినాక కొంత వేయించి, నువ్వులతో కలిపి దంచి, ముద్దలు చేసి మా చేతుల్లో పెట్టేది. మిగిలినదంతా సంతలో బియ్యానికి మారేది. వానాకాలంలో పొయ్యి మీద కుండ ఎక్కాలంటే ఆ పువ్వే దిక్కు.

ఆ పువ్వును ఎండబెట్టేది రోడ్డు మీదే. అంత వేడిగా, అంత చదునుగా ఉన్న చోటు ఊరంతా వెతికినా మరొకటి లేదు. ఇంటికెదురుగా సగం రోడ్డు ఊడ్చి పువ్వు పరిచేవాళ్ళు. దానికి ముందు తలకాయంత రాళ్ళు మూడు పెట్టి, వాటి నడుమ ఒక పచ్చి వేపకొమ్మ నిలబెట్టేవాళ్ళు. అంతే. పోలీసు లేడు, బోర్డు లేదు. దూరం నుంచి కొమ్మ కనబడగానే ఎంత పెద్ద లారీ అయినా నెమ్మదించి మిగతా సగంలోంచి పోయేది. బస్సు డ్రైవర్లయితే, టైరు గాలికి పువ్వు లేచిపోకుండా నడిచినట్టు నడిపేవాళ్ళు. ఇప్పుడు టిప్పర్లను చూస్తుంటే అదంతా నేను కల్పించి చెబుతున్నానా అని నాకే అనుమానం వస్తుంది.

ఆ డ్రైవర్లలో మల్లేశన్న మా వీధికి సొంతమనిషి లాంటివాడు. బొగ్గు లారీ నడిపేవాడు. ముత్తమ్మత్త ఇంటి ముందు ఆపి, "అక్కా, నీళ్ళు" అని కేకేసేవాడు. ఆమె చెంబుతో తెచ్చేది. మధిర వైపు పోయొచ్చిన రోజున మాకు మామిడికాయలు తెచ్చేవాడు. మేం తునికిపండ్లు దాచి ఇచ్చేవాళ్ళం. రెండు హారన్లు చిన్నగా, ఒకటి పెద్దగా కొట్టేవాడు, అది వినబడితే అన్నం దగ్గర్నుంచైనా లేచి ఉరికేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు మా ఆటల్లో గొప్ప ఆట చెక్‌పోస్టు. ఊరి చివర అటవీ శాఖ వాళ్ళ గేటు చూసి నేర్చుకున్నాం. కర్ర అడ్డం పెట్టి, వచ్చేపోయేవాళ్ళను ఆపి, ఏం తీసుకుపోతున్నారో చెప్పమని దబాయించడమే ఆట. ఆ రోజు మధ్యాహ్నం గేటుకు రాళ్ళు కావాల్సి వచ్చాయి. సందులో రాళ్ళకు కరువా? కానీ ముత్తమ్మత్త పువ్వు ముందున్నవి గుండ్రంగా, అందంగా ఉన్నాయి. ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తెచ్చాను, కొమ్మ కూడా పీక్కొచ్చాను. కాసేపట్లో పెట్టేద్దామనుకున్నాను. అమ్మ అన్నానికి పిలిచింది, పోయాను, మరిచిపోయాను.

రెండు హారన్లు చిన్నగా, ఒకటి పెద్దగా వినబడ్డాయి. చెయ్యి కడగకుండానే ఉరికాను. ఎదురుగా మిర్చి బస్తాల ట్రాక్టరు వస్తుంటే మల్లేశన్న దానికి దారి ఇచ్చి లారీని పక్కకు తీశాడు. ఆ పక్కనే పువ్వు. కొమ్మ లేదు గనక ఆయనకు తెలియలేదు. తెలిసి బ్రేకు వేసేసరికి లారీ పువ్వంతా తొక్కుకుంటూ చాలా ముందుకు పోయి ఆగింది.

నేను చేసిన తప్పు రాళ్ళు తీయడం కాదు. అది పిల్లతనం. ఆయన లారీ దిగి వెనక్కి నడిచొచ్చేలోగా, జనం పోగయ్యేలోగా, నేను ఆ మూడు రాళ్ళనూ గబగబా దొర్లించుకొచ్చి ఉన్న చోటే పెట్టాను. కొమ్మ కూడా నిలబెట్టాను.

"అక్కా, కొమ్మ లేదక్కా. రాళ్ళు గూడ లెవ్వు. ఉంటే నేనెట్ల ఎక్కిస్త?" అన్నాడు మల్లేశన్న.

"గవేంది మరి? కండ్లు నెత్తికెక్కినయా?" అని రాళ్ళు చూపించి, ముత్తమ్మత్త ఆయన చెంప మీద కొట్టింది.

ఆయన రాళ్ళ వంక చూశాడు. తన కళ్ళను తనే నమ్మనట్టు చాలాసేపు చూశాడు. నాకు మాట రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది, మింగేశాను. ఆయన కింద కూర్చుని, నలగని పువ్వును ఏరి దోసెడు దోసెడుగా గంపలో పోసి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ హారన్ మా వీధిలో వినలేదు.

ఆయన ఏం చెప్పుకున్నాడో గానీ మిగతా లారీలు కూడా మా దగ్గర ఆగడం మానేశాయి. కొమ్మను చూసి నెమ్మదించేవాళ్ళు తగ్గిపోయారు. మరుసటేడు పువ్వును వాకిట్లోనే పరిస్తే సరిగ్గా ఎండక బూజు పట్టింది. దెబ్బ తిన్న ఆ ఏడు ముత్తమ్మత్త వానల్లో తడుస్తూ నాట్లకు కూలికి పోయింది. ఆమె తెచ్చిన గంజిలో నాకు కూడా వాటా పెట్టేది, నేను తాగేదాన్ని.

నాన్న ఇక్కడే ఇల్లు కట్టాడు. నేను ఇక్కడి బళ్ళోనే టీచరునయ్యాను. రోజూ బడికి పోతూ ముత్తమ్మత్తను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, పింఛను కోసమో మాత్రల కోసమో అవతల దింపుతాను. పోయిన వారం అట్లాగే నిలబడి ఉన్నాం. ఎదురుగా గొయ్యి చుట్టూ రోడ్డు పనివాళ్ళు మూడు రాళ్ళు పెట్టి, నడుమ ఒక పచ్చి కొమ్మ గుచ్చారు. ముప్పై ఏళ్ళుగా మింగుతూ వచ్చింది ఇక గొంతులో నిలవలేదు.

"అత్తా, ఆనాడు మల్లేశన్న అబద్ధం చెప్పలే. రాళ్ళు నేనే తీసిన. మళ్ల నేనే పెట్టిన."

నవ్వేస్తుందనుకున్నాను. చిన్నపిల్లవు గదా అని నన్నే ఓదారుస్తుందనుకున్నాను, సిగ్గులేకుండా.

"గీ ముచ్చట ఇప్పుడు చెప్తున్నవా?" అంది. గొయ్యి దగ్గరి రాళ్ళ వంక చూస్తూ, "అక్కా అని పిల్షిన మనిషిని కొట్టిన గదనే. ఏ ఊరాయనది?" అని అడిగింది.

"తెల్వదత్తా."

నిజంగానే తెలియదు. అన్నేళ్ళు నీళ్ళిచ్చాం, కాయలు తిన్నాం, ఊరు అడగలేదు.

రోడ్డు కోసం మొన్న ఇప్పచెట్లు కూడా కొట్టేశారు. రేపు డివైడర్ వేస్తే అటు మనిషి ఇటు రావడానికి కూడా దారి ఉండదు. ముత్తమ్మత్త మాత్రం నేను చెప్పిన మర్నాటి నుంచీ బండ్లు ఆగగానే నీళ్ళ చెంబు పట్టుకుని బయటికి వస్తోంది. ఒక్కో టిప్పరు దగ్గరా నిలబడి, తలెత్తి, డ్రైవరు మొహం చూస్తోంది.

"ఆయనకిప్పుడు అరవై దాటి ఉంటయత్తా. ఇంకా బండి నడుపుతడా?" అన్నాను.

"ఆయన నడపకుంటే ఆయన కొడుకు నడుపుతుండొచ్చు" అంది నా వైపు చూడకుండా.

నిన్న ఆమె రెండు టిప్పర్ల నడుమ ఉండగానే జామ్ విడిపోయింది. వెనక నుంచి హారన్లు. నేను ఉరికి, ఇవతలికి తీసుకొద్దామని చెయ్యి చాచాను. ఆమె చెయ్యి ఇవ్వలేదు.