ఉమారాణి తలూపు

ఎవరు నోరు తెరిచినా ఉమారాణి ముందు తలూపుతుంది. ఒక్కసారే, గడ్డం కొంచెం కిందికి దించి. వాళ్లేమంటున్నారో ఆ తర్వాత చూస్తుంది. చూడటమే. ఆమెకు వినబడేది చాలా తక్కువ.

పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన నాటి నుంచి ఆమె సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కమనిషి అరిచినా వినిపించదు. షెడ్డులో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. అవతలి మనిషి నోరు కదపగానే తలూపాలి. దానికి సరే అని అర్థం కాదు. నువ్వు మాట్లాడుతున్నావని చూశాను, చెప్పు అని. తలూపకపోతే ఎవరూ మాట సాగించరు.

చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకు తెలియదు. షెడ్డు మూతబడిన రోజు బయటికి వస్తే వీధంతా నిశ్శబ్దంగా ఉంది. అందరికీ అట్లాగే ఉందనుకుంది.

తర్వాత అదే ఊళ్లో వీరేందర్ పుస్తకాల దుకాణంలో పని దొరికింది. వెనక గదిలో. కట్టలు విప్పడం, తరగతుల వారీగా సర్దడం, అట్టలు వేయడం. ముందర గల్లా బల్ల దగ్గర రేణుక నిలబడి గిరాకీ చూసుకునేది. వెనక గదిలో రోజంతా ఒక్క ముఖమూ కనిపించదు. ముఖం లేకపోతే ఉమారాణికి మాట లేదు.

ఈ ఏడాది బడులు తెరిచే ముందు వీరేందర్ కోరుట్లలో ఇంకో దుకాణం పెట్టి రేణుకను అక్కడికి పంపాడు. ఆ సాయంత్రమే ఉమారాణి అడిగింది.

“సేటూ, ముందట నేను నిలవడుత.”

“నీకు ఇనరాదు గదక్కా.”

“కండ్లు కనవడుతయి గద.”

“గిరాకి ఒకటడిగితె నువ్వొకటి ఇస్తవు. ఇగ దుకాణం బందువెట్టి ఇద్దరం సాంచాలకాడికి పోవుడే.”

“సాంచాలే నడుస్తలెవ్వు. మనల్నెవలు పెట్టుకుంటరు?”

వీరేందర్ నవ్వాడు. రేపొక్కరోజు చూద్దామన్నాడు.

మరునాడు అతను కోరుట్లకు వెళ్లాడు. పొద్దున బాగానే గడిచింది. ఎండ ఎక్కిన కొద్దీ కష్టమైంది. బల్ల గుమ్మానికి ఎదురుగా ఉంది. వచ్చిన మనిషి వెనక రోడ్డంతా తెల్లటి వెలుగు, ముఖం మాత్రం నలుపు. పెదవులు కనిపించవు. మళ్లీ చెప్పమంటే వినబడదని గిరాకీకి తెలిసిపోతుంది. ఆ మాట వీరేందర్ దాకా పోతే మళ్లీ వెనక గదే. అందుకని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం రుద్రంగి నుంచి సాంబయ్య వచ్చాడు. కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. బిడ్డ నవ్య రాయబోయే నర్సింగ్ పరీక్ష గైడు పేరు కాగితం మీద రాసి తెచ్చాడు. ఒక్కటే మిగిలింది. అతను దాన్ని పట్టుకొని చూసి, బల్ల మీద పెట్టి, ఏదో అన్నాడు. ఉమారాణి తలూపింది. ఆ తర్వాత చూస్తే నల్లటి ముఖంలో మాట కనిపించలేదు. అతను వెళ్లిపోయాడు. వద్దన్నాడేమో అనుకుంది. కాసేపటికి ఇంకెవరో వచ్చి ఆ గైడు కొనుక్కుపోయారు.

సాయంత్రం వీరేందర్ వచ్చేసరికి సాంబయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

“గదేంది చెల్లె? బజార్ల పని జూస్కొని అస్త, తీసి పక్కకు వెట్టుమంటె తలకాయ ఊపితివి గద! నా బిడ్డకు ఏం జెప్పాలె?”

గొంతు పెరిగిందని అతని చేతులు ఊగే తీరు చూసి ఆమెకు తెలిసింది. సంగతేమిటో వీరేందర్ పక్కకు వచ్చి చెబితే అర్థమైంది.

జగిత్యాల నుంచి సరుకు రాగానే రుద్రంగి బస్సుకు పంపుతానని వీరేందర్ ఒప్పించాడు. సాంబయ్య బయటికి నడిచాడు. ఉమారాణి వెంట వెళ్లి గడప దాటింది. అతను రోడ్డు మీద ఆమెవైపు తిరిగాడు. పొద్దువాలే వెలుగు అతని ముఖం నిండా పడుతోంది.

“ఇనరాకపోతె ఇనరాలేదని చెప్పాలె చెల్లె. గంతే గద.”

ప్రతి మాటా కనిపించింది.

ఆమె లోపలికి రాగానే వీరేందర్ మెల్లగా అన్నాడు. “రేపటి సంది ఎనుక అర్రలనే ఉండక్కా.”

“బల్ల జర తిప్పుదాం సేటూ. వాళ్ల మొకం మీద ఎల్తురు వడాలె.”

“మా బాపు వాస్తు జూపిచ్చి పెట్టిన గల్ల ఇది. జరిపితె మా ఇంట్ల నాకు బువ్వ పెట్టరు.”

దారి పొడుగునా ఆమె ఆ తలూపు గురించే ఆలోచించింది. షెడ్డులో అది మర్యాద. ఇక్కడ అది మాట ఇవ్వడం.

తెల్లవారి వీరేందర్ షట్టర్ ఎత్తేసరికే ఉమారాణి వచ్చి ఉంది. గల్లా బల్లను ముట్టలేదు. వెనక గదిలో తాను కూర్చునే స్టూలు తెచ్చి, గడప పక్కన లోపలివైపు వేసుకొని, వీధికి వీపు పెట్టి కూర్చుంది. లోపలికి వచ్చినవాళ్లు ఆమెతో మాట్లాడాలంటే వెలుగువైపు తిరగాలి. వీరేందర్ అగరుబత్తీలు చేతిలో పట్టుకొని కాసేపు చూశాడు. తర్వాత వాటిని పటం ముందు గుచ్చి, గల్లా దగ్గర కూర్చున్నాడు.

మొదటి గిరాకీ ఒక ముసలమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏదో అడిగింది. ఉమారాణి గడ్డం కిందికి దిగబోయి ఆగింది.

“నాకు ఇనరాదవ్వా. కొంగు తీసి మళ్లొక్కపారి చెప్పు” అన్నది.