బావకు టోపీ పెట్టిన శనివారం

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరి నోళ్లూ బ్రహ్మాండంగా పనిచేసేవి. వచ్చిన తంటా అంతా చెవులతోనే. నాయిన కేసముద్రం మార్కెట్ యార్డులో పనిచేసేవాడు. రోజంతా లారీల హారన్ల మధ్య, హమాలీల కేకల మధ్య గడిపి గడిపి ఆయన చెవులు ఒక పద్ధతికి అలవాటు పడిపోయాయి. మాటలో సగమే వినేవి, మిగతా సగం ఆయనే కల్పించుకునేవాడు. అమ్మది ఇంకో రకం. మాట మొత్తం వింటుంది గానీ, కొత్త మాటైతే దాన్ని తనకు తెలిసిన పాత మాటగా మార్చుకుంటే తప్ప లోపలికి రానివ్వదు. (ఒకసారి నేను వైఫై పాస్‌వర్డ్ ఎక్కడ రాసిపెట్టారని అడిగితే, బీరువా తెరిచి పట్టాదారు పాసుబుక్కు తెచ్చి చేతిలో పెట్టింది.) ఈ రెండు రకాల చెవుల మధ్య మా అక్క చదువు ఇరుక్కుని, దాదాపు ప్రాణం పోయేదాకా వచ్చి, చివరికి ఒక రోటీ మేకర్ పుణ్యాన బతికి బయటపడింది.

ఆ రోటీ మేకర్ కథ ముందు చెప్పాలి. అక్కను భూపాలపల్లి ఇచ్చారు. బావది బొగ్గుబాయిలో ఉద్యోగం. పెళ్లికి గోడగడియారాలూ దేవుని పటాలూ కాక రెండు కరెంటు రోటీ మేకర్లు కూడా చదివింపుల్లో వచ్చాయి. ఒకటి అక్కతో పోయింది, ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మ ముచ్చటపడి ఒకే ఒక్కసారి దానిలో జొన్నపిండి ముద్ద పెట్టి మూత నొక్కింది. బయటికి వచ్చింది రొట్టె కాదు, అప్పడమూ కాదు, ఎండాకాలం చెరువు అడుగులాగా నెర్రెలిచ్చిన ఒక వస్తువు. మా కుక్క కూడా దాన్ని వాసన చూసి, అమ్మ ముఖం చూసి, మర్యాదగా వెళ్లిపోయింది. మిషన్ను కడిగి, తుడిచి, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేశాం.

పెళ్లైన కొద్ది నెలలకే అక్కకు మానుకోటలో బీఈడీ సీటు వచ్చింది. (కాగితాల మీద మహబూబాబాద్ అంటారు గానీ మాకు అది ఎప్పుడూ మానుకోటే.) కేసముద్రం నుంచి రైలెక్కితే దగ్గర. వారమంతా మా ఇంట్లో ఉండి చదువుకోవచ్చు, సెలవులకు భూపాలపల్లి పోవచ్చు. టీచర్ కావాలన్నది దాని చిన్ననాటి కోరిక. నన్ను పీట మీద కూర్చోబెట్టి, తలుపు మీద సుద్దముక్కతో రాసి, నేను అన్నీ కరెక్టుగా చెప్పినా గోడకుర్చీ వేయించేది. బావకు అభ్యంతరం లేదు. "నాకేంది, మా అమ్మ ఒప్పుకోవాలె" అన్నాడు. ఆ అమ్మ, అంటే అక్క అత్తగారు, మంచిదే గానీ మాట మీద గట్టి మనిషి. ఒకసారి వద్దందంటే ఇక వద్దే. అందుకని నాయిన ఒక ఉపాయం ఆలోచించాడు. అల్లుణ్ణీ వియ్యపురాలినీ ఒక పూట పిలిచి, కడుపునిండా పెట్టి, అందరూ చల్లబడ్డాక మెల్లగా ఈ ముచ్చట కదపాలి. ఫీజు కట్టే గడువు ముంచుకొస్తోంది కాబట్టి ఆ శనివారమే రమ్మన్నాడు.

ముందురోజు అక్క నాయినకు ఫోన్ చేసింది. ఆయన యార్డులో ఉన్నాడు. "నాయినా, మీ అల్లుడు శనారం నీసు తినడు" అని చెప్పింది. ఇంతలో ఏ లారీ హారన్ కొట్టిందో, నాయిన చెవిలో "తింటడు" అని పడింది. మా భాషలో ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఎంతండీ, నాలుక ఒక్కసారి అంగిలికి తగలడమే కదా. నాయిన సంబరంగా ఇంటికి వచ్చి, "అల్లుడు శనారం నీసు తింటడంట. బిడ్డ ప్రత్యేకంగ ఫోన్ జేసి చెప్పింది" అని ప్రకటించాడు. తెల్లారేసరికి పెరట్లో నాటుకోడి లేదు.

నేను అప్పుడు జనగామలో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే కొత్త ఉద్యోగంలో ఉన్నాను. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, టోఫు తింటే జుట్టు మోకాళ్ల దాకా పెరుగుతుందని చెప్పింది. (ఆమె జుట్టు భుజాల దాకా కూడా లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.) నేను రెండు ప్యాకెట్లు కొని, తడిగుడ్డలో చుట్టి ఆ శుక్రవారం రాత్రి ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. అమ్మ చూసి, "ఏందే గిది, సున్నం బిళ్లల్లెక్క" అంది. "టోఫు అమ్మా, సోయా గింజల పాలు విరగ్గొట్టి చేస్తరు" అన్నాను. "టోపీయా" అంది అమ్మ. కాదని సరిదిద్దబోయాను. అప్పటికే ఆ మాట లోపలికి పోయి, కూర్చుని, గొళ్లెం పెట్టుకుంది.

పన్నెండు దాటాక అక్కా, బావా, అత్తమ్మా వచ్చారు. గడప లోపల కాలు పెట్టగానే అక్క ముక్కు అదిరింది, ముఖం వాడిపోయింది. తిన్నగా వంటింట్లోకి వచ్చి, "నీసు తినడని చెప్పిన గద నాయినా" అంది ఏడుపు గొంతుతో. "తింటడనే ఇన్న గదనే బిడ్డా" అన్నాడు నాయిన, నడవలో కూర్చున్న అత్తమ్మకు కూడా వినిపించేంత గట్టిగా. అసలు సంగతి అప్పుడు తెలిసింది. కొడుకు రోజూ బాయిలోకి దిగేవాడు కదా, క్షేమంగా పైకి రావాలని అత్తమ్మ మొక్కుకుందట. శనివారం కొడుకు నీసు ముట్టడు, నీసు వండిన గిన్నెలో వండినదీ ముట్టడు. అత్తమ్మకు మాత్రం ఆ పట్టింపు లేదు, ఆమె హాయిగా తింటుంది.

"ఇంట్ల కూర వండే బోళ్లన్ని నీసుయే అయినయి గదనే" అని అమ్మ తల పట్టుకుంది. ఉన్నవల్లా అన్నం, పచ్చిపులుసు, పెరుగు. బావకు రాత్రి డ్యూటీ, మధ్యాహ్నం రైలెక్కి, దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. కొత్త అల్లుడు మొదటిసారి తల్లితో అత్తారింటికి వచ్చి పచ్చిపులుసుతో తిని పోతే, ఆ ఇంట్లో ఇక బీఈడీ మాట ఎత్తడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? అక్క గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడే నా చూపు అటక మీద పడింది. మా ఇంట్లో నీసు ఎన్నడూ తగలని వస్తువు ఒక్కటే ఉంది. నీసు కాదు కదా, సరైన రొట్టె కూడా తగలలేదు దానికి.

మిషన్ దింపి ప్లగ్గు పెట్టాను. టోఫు కోద్దామంటే కత్తిపీట నీసుది. కుట్టుమిషను దగ్గర కొత్త దారపు ఉండ నుంచి ఒక పోగు తెంపి, రెండు చేతుల్తో బిగించి పట్టుకుని కోస్తే వెన్నముక్కలా తెగింది. నా హాస్టల్ టిఫిన్ బాక్సులో కారం, పసుపు, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి, ఉప్పు, నిమ్మకాయ, రెండు చెంచాల నూనె కలిపి ముక్కలకు పట్టించి, మిషన్లో పేర్చి మూత నొక్కాను. రొట్టెను నొక్కినట్టే గట్టిగా నొక్కినట్టున్నాను, ఒక ముక్క పక్క సందులోంచి ఎగిరి నాయిన చొక్కా మీద అంటుకుంది. (తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు ఆయన దాన్ని తీసుకుని తినేశాడు.) రెండో వాయికి మెల్లగా నొక్కాను. సుయ్‌మని పాము బుసలాంటి చప్పుడు, మూత పక్కల నుంచి ఆవిరి. లోపలి నీళ్లన్నీ అలా పోతుంటే పైనా కిందా ఒకేసారి కాలింది. రెండు నిమిషాల్లో తీసి చూస్తే ఎర్రగా, అంచులు కరకరలాడుతూ ఉన్నాయి ముక్కలు, మసాలా వాసన ఇల్లంతా కమ్ముకుంది. మా రోటీ మేకర్‌కు తాను ఎందుకు పుట్టిందో ఆ రోజు తెలిసింది.

బావ తిన్నాడు. మారు అడిగాడు. మళ్లీ అడిగాడు. పక్కన అత్తమ్మ కోడికూర మెచ్చుకుంటూ తిని, అందరికన్నా ముందు లేచి, చేతులు కడుక్కోవడానికి వెనకవైపు వచ్చింది. సరిగ్గా అదే సమయానికి అమ్మ వంటింట్లో మా చిన్నమ్మతో ఫోన్ మాట్లాడుతోంది. చేతులకు మసాలా ఉందని స్పీకర్ పెట్టింది. "అల్లునికి ఏం పెట్టినవక్కా" అంది చిన్నమ్మ.

"ఏం జెప్పాలె చెల్లె, టోపీ పెట్టినం" అంది అమ్మ తృప్తిగా. "గుర్తే పట్టలేదు పాపం. అడిగి అడిగి పెట్టించుకుంటున్నడు. ఇగ తినుడైనంక మీ బావ మెల్లగ అసలు ముచ్చట కదుపుతడు."

తలుపు దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె గిర్రున వెనక్కి తిరిగి, నడవలో కొడుకు ముందు నిలబడి, "లే బిడ్డా, పోదాం. బండి టైమైతది" అంది. తర్వాత వెనకాలే వచ్చిన అమ్మ వైపు చూసి, "టోపీ పెట్టెతందుకు మేమే దొరికినమా వదినె" అని అడిగింది.

అమ్మ కూర సంగతి అడుగుతోందనుకుంది. "ఇంట్ల ఇంకేం లేకుండె వదినె" అంది నొచ్చుకుంటూ. "మా చిన్నదే నేర్పింది. జనగామల అందరు గిదే పెడ్తరంట. మీకు గూడ పెడుదామనుకున్న, గింతల మీరు లేస్తిరి."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో బీఈడీ పోయింది, కాలేజీ పోయింది, మానుకోట రైలు కూడా పోయింది. నేను పరుగెత్తి చెత్తబుట్టలోంచి ఖాళీ ప్యాకెట్టు తీసి, "అత్తమ్మా, టోపీ కాదు, టోఫు. గిదీ దాని పేరు. కూర పేరే గది" అని ఆమె ముందు పెట్టాను. బావ నోట్లో ముక్క ఉండగానే ప్యాకెట్టు అందుకుని, కూడబలుక్కుని చదివి, "అవ్ అమ్మా, టోఫునే. నన్ను జర తిననియ్యి" అన్నాడు.

అత్తమ్మ ప్యాకెట్టు చూసింది, అమ్మను చూసింది. కొడుకు కంచంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని నమిలింది. మేమందరం ఆమె దవడలనే చూస్తున్నాం. "ఉప్పు జర తక్కువైంది" అంది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కూలబడి మరీ నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియని అమ్మ కూడా మర్యాద కోసం నవ్వింది.

నవ్వు తగ్గాక అత్తమ్మే నాయినను అడిగింది. "అసలు ముచ్చటేందో కదుపుతనన్నవంట గదన్నా, కదుపు." నాయిన వారం రోజులు వల్లెవేసుకున్న ఉపన్యాసం ఎటు పోయిందో, "మానుకోటల... బీఈడీ... పిల్ల చదువుతది చెల్లె" అని మాత్రం అనగలిగాడు.

"చదువుతదా, చదువదా? సరిగ్గ చెప్పన్నా. నీకు తినడుకు తింటడుకు తేడా తెల్వదు" అంది అత్తమ్మ. నాయిన తల వంచుకుని, "చదువుతది" అన్నాడు, ఈసారి అక్షరం అక్షరం ఒత్తి. ఆమె అక్కను దగ్గరికి పిలిచి తల నిమిరింది. "చదువుకో బిడ్డా. మావోడు బాయిల దిగినప్పుడల్ల నా పానం చేతుల పట్టుకుంట. ఇంట్ల ఒకలన్న నేలమీద ఉద్యోగం జెయ్యాలె గద. గీ మాటకు ఇంత కత ఎందుకు, ఫోన్ల అడిగితే అననా?" అమ్మయ్య, అనుకున్నాను. అక్క ఆమె ఒళ్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది గానీ, ఆ ఏడుపు చూసి మాకెవరికీ భయం వేయలేదు. రోటీ మేకర్ ప్లగ్గు ఇంకా తీయలేదని అప్పుడు గుర్తొచ్చి నేను వంటింట్లోకి పోయాను.

అక్క చదివింది. పాసైంది. భూపాలపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మొదటి ఉద్యోగం వస్తే ఒకటో తరగతి ఇచ్చారు. మొదటిరోజు సాయంత్రం నాకు ఫోన్ చేసింది. గుణింతం చెప్పిందట. క, ఖ, గ దాటి ట దగ్గరికి వచ్చిందట. బోర్డు మీద "టో" అని రాసి, పక్కన "టోపీ" అని రాసి, పిల్లల వైపు తిరిగి చదవబోయి ఆగిపోయిందట. నవ్వు. ఎంతకీ ఆగని నవ్వు. కొత్త టీచరు ఎందుకు నవ్వుతోందో తెలియక పిల్లలు ముందు బిత్తరపోయి, తర్వాత వాళ్లూ మొదలుపెట్టారట. హెడ్మాస్టరు వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడట. "టో అంటే టోపీ అని చెప్పలేకపోయిన చెల్లె. టోకు అని రాసినా బాగుండు గని, అప్పుడు తట్టకపాయె" అంటూ ఫోన్లో మళ్లీ నవ్వింది.

నా జుట్టు ఇప్పటికీ భుజాలు దాటలేదు. మోకాళ్ల దాకా పెరుగుతుందని నమ్మి, తడిగుడ్డలో సున్నం బిళ్లలు మోసుకుంటూ జనగామ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు జాలీ వేస్తుంది, ముద్దూ వస్తుంది. ఎంత అమాయకంగా మోసుకొచ్చింది మా అక్క ఉద్యోగాన్ని.