మా నాయన ముసలితనాన్ని చూపించిన మేకప్ మామ

కువైట్ సబ్హాన్‌లో మా గోడౌను బయట ఉదయం టీ తాగుతుండగా ఫోను వచ్చింది. ఖైతాన్‌లో మేకప్ మామ గదిలోనే ఉండే హైదరాబాదు దర్జీ అన్న. సలాం చెప్పనిదే మాట మొదలుపెట్టని మనిషి, ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చాడు.

"మామ పోయిండు తమ్మీ. పొద్దుగాల నమాజు చేసుకొని మళ్ల పండుకున్నడు. డ్యూటీకి టైమైతుందని లేపబోతే లేవలే."

నేనేమన్నానో గుర్తులేదు. లోపలి నుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని పనికి తొందరపెడుతూ కేకేశాడు. లేచి వెళ్లి పెట్టెలు దించాను. నాలుగో పెట్టె దించాక దాని మీదే కూర్చుండిపోయాను.

కువైట్‌లో మన తెలుగు నాటకాలు చూసినవాళ్లకు ఆయన పనితనం తెలుసు గానీ మనిషి తెలియదు. తెర పడ్డాక అందరి పేర్లూ చదివేవాళ్లు. ఆయన పేరు చదివే సమయానికి ఆయన తెర వెనుక ఎవరి గడ్డమో ఊడదీస్తూ ఉండేవాడు. రాయచోటి మనిషి. వారమంతా ఖైతాన్‌లో ఒక క్షౌరశాలలో కత్తెర పని. శుక్రవారం నాటకముంటే రంగుల పెట్టె భుజానికి తగిలించుకుని బస్సెక్కేవాడు. చిన్నతనంలో ఊళ్లు తిరిగే నాటకాల బృందంతో ఉండి మేకప్ నేర్చుకున్నాడట. అన్నిట్లోకీ ఆయనకు ఇష్టమైన పని, పడుచువాళ్లను ముసలివాళ్లను చేయడం.

నేను ఆయన చేతిలో పడింది మూడేళ్ల కిందట. మా తెలుగు సంఘం వాళ్లు ఒక కొత్త నాటకం వేశారు. నీళ్లు లేని ఊళ్లో, బావులు తవ్వే ఎనభై ఏళ్ల తాత కథ. నాకప్పుడు ఇరవై ఆరు. గొంతు బాగుందని తాత వేషం నాకిచ్చారు. రిహార్సల్ రోజు నేను దర్జాగా ఒక నల్ల పెన్సిలు కొనుక్కుని వెళ్లాను. మామ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో గీస్తే ముసలోడివి కావబ్బీ, పులివయితావు."

"మరి తెల్ల పౌడరు?"

"అది జల్లుకుంటే పిండిమరలో పడి లేసినట్టుంటావు. కూర్చో."

కుర్చీలో కూర్చోబెట్టి నన్ను నవ్వమన్నాడు. కోప్పడమన్నాడు. ఎండలోకి చూసినట్టు కళ్లు చికిలించమన్నాడు. బుగ్గలు లోపలికి పీల్చమన్నాడు. నేను ఒక్కోటి చేస్తుంటే ఆయన కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, వేలితో నా మొహం మీద ఎక్కడెక్కడో తాకి చూశాడు.

"ముడతలు మనం గీయకూడదు. రేపు యాడ పడతాయో ఈపొద్దే వెతుక్కోవాల. నీ ముసలితనం నీ మొగంలోనే ఉండాది," అన్నాడు. తర్వాత మామూలుగా అడిగాడు: "మీ నాయన ఫోటో ఉంటే చూపీ. ఆయన ఇప్పుడెట్లుంటాడో చూస్తే నాకు సగం పని తప్పుతాది."

మా నాయన నాపరాళ్ల గనిలో పోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై నిండలేదు, నాకు ఐదేళ్లు. ఆ తర్వాత ఏడాదికి అమ్మ కువైట్‌కు ఇంటిపనికి వచ్చింది. నన్ను అవ్వ పెంచింది. పెద్దవాణ్ణయ్యాక నేనూ ఇక్కడికే వచ్చాను. అమ్మ అబూ హలీఫాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. నెలకొక శుక్రవారం కలుస్తాం. నాయనది ఒకే ఒక్క ఫోటో. దాన్ని ఫోనులో ఎక్కించుకున్నాను.

"ఆయన ముసలోడు కానేలేదు మామా," అన్నాను.

మామ ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. "నుదురు, కండ్లు ఆయనవే. ముక్కు మీ అమ్మదేమో," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆయనను ముసలోన్ని చేసే పని మన మీద పడింది అబ్బీ. బాగా చేద్దాం. కానీ మీ అమ్మ నాటకానికి వస్తాదంటే ఆమెకు ముందే చెప్పు. చూసి అదురుకుంటాది," అన్నాడు.

నేను సరేనన్నాను. చెప్పలేదు. అమ్మను ఆశ్చర్యపరచాలని నా కోరిక. "తాత వేషం వేస్తున్నా, రా," అని మాత్రం ఫోనులో చెప్పాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాకు మేకప్ వేయడానికి రెండు గంటలకు పైగా పట్టింది. చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి పట్టుకుని, పల్చటి రబ్బరు పాలు పూసి, దాని మీద టిష్యూ కాగితపు పొర అతికించి, ఆరబెట్టి వదిలేవాడు. వదలగానే చర్మం ముడుచుకునేది. కంటి కింద, నోటి పక్కన, మెడ మీద. ఆ ముడతల లోతుల్లో గోధుమరంగు, అంచుల మీద కొంచెం లేతరంగు. గీత ఎక్కడుందో తెలియకుండా వేలితో చెరిపేసేవాడు. మొహం అయ్యాక, నేను లేవబోతే చేయి పట్టుకుని ఆపాడు.

"చేతులు? మొగం ముసలిదై చేతులు పడుచుగా ఉంటే ముందు వరసలో పిల్లోల్లే నవ్వుతారు."

వేళ్ల కణుపులు, గోళ్లు, చెవుల వెనక భాగం కూడా వదల్లేదు. అంతా అయ్యాక అద్దం చేతికిచ్చాడు. నేను చూశాను. నాకు తెలిసిన ఫోటోలోని కళ్లు, నేను ఎన్నడూ చూడని ఒక ముసలి మొహంలో నుంచి నన్ను చూస్తున్నాయి. మామ నన్ను ఏసీ ముందు నిలబెట్టి, "చెమట పట్టనీయొద్దు," అని మాత్రం అన్నాడు.

అమ్మ మూడో వరసలో కూర్చుంది. వేదిక మీదకు వెళుతూనే చూశాను. మొదటి మాట అన్నాను. రెండో మాట అన్నాను. అమ్మ చేయి నోటి మీదకు వెళ్లింది. తాత గడ్డపార ఆసరాగా నేల మీద కూర్చునే చోట అమ్మ లేచి, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాటకమంతా నేను ఒక ఖాళీ కుర్చీని చూస్తూ ఆడాను. చప్పట్లు బాగా కొట్టారట. నాకు వినబడలేదు.

తెర పడగానే లోపలికి పరిగెత్తాను. మామ అప్పటికే బయటికి వెళ్లి, నీళ్ల కూలరు పక్కన నేల మీద కూర్చున్న అమ్మను వెతికి పట్టుకున్నాడు. తీసుకొచ్చి మేకప్ గది బయట నిలబెట్టి, ముందు తను లోపలికి వచ్చాడు. ఆయన కోపం నేను చూసింది ఆ ఒక్కసారే.

"చెప్పినావా?"

నేను తల దించుకున్నాను.

"నాకు రంగులు పూసేది వచ్చు. చూసే మనిషికి ఏమైతాదో నువ్వు ఆలోచించాల. ఆమె నీకు అమ్మ మాత్రమే కాదు రా, మీ నాయనకు పెండ్లాం గూడా." రంగుల పెట్టె తెరుస్తూ, "నాదీ తప్పే. నేనే ఫోను చేసి చెప్పుండాల," అన్నాడు.

ఆయనకొక నియమం ఉండేది. నాటకం అయిన మరుక్షణం మేకప్ తీసేయాలి. సెల్ఫీలకు కూడా ఆగనిచ్చేవాడు కాదు. చర్మం పాడవుతుందని కొంత, "లేని వయసు నిల్వ పెట్టుకోకూడదు" అనే నమ్మకం కొంత. ఆ రోజు కూడా కొబ్బరినూనె సీసా, దూది తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మ లోపలికి వచ్చింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"క్షమించమ్మా," అన్నాను.

"మాట్లాడగాకు," అంది. "నువ్వు మాట్లాడితే నువ్వయిపోతావు."

అమ్మ నా నుదురు చూసింది. చేతులు తన ఒళ్లోకి తీసుకుని తిప్పి చూసింది. గిన్నెలు తోమి తోమి పగిలిన ఆమె వేళ్లు నా దొంగ ముడతల మీద ఆగి ఆగి కదిలాయి. మామ వైపు తిరగకుండానే అడిగింది, "అన్నా, కొంచేపు ఉండనిస్తావా?"

"నీకు చాలు అన్నిందాకా ఉండనీ తల్లీ," అన్నాడు మామ. బయటికి వెళ్లి తలుపు దగ్గరికేసి, వాకిట్లో నిలబడ్డాడు. ఫోటోలు దిగాలని వచ్చినవాళ్లను, సంఘం పెద్దలను కూడా, "లోపల పని ఉండాది, తర్వాత రాండి," అని పంపించేయడం నాకు వినబడుతూనే ఉంది.

అమ్మ ఏడ్చింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. "ఇంత ముసలోడయ్యింటే నా మీద అరుస్తా ఉండేటోడు. కూరలో ఉప్పు ల్యాదని," అంది. గని సంగతులు, పెళ్లయిన కొత్తల్లో నాయన ఆమెను సైకిలు మీద ఎక్కించుకుని పడేసిన సంగతి, నాకు ఎన్నడూ చెప్పనివి, నా వేషంలోని ఆ ముసలాయనకు చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. నాయన గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ గదిలో తెలిసిందే.

చివరికి తనే తలుపు తీసి మామను పిలిచింది. "నేను తీస్తా," అంది. మామ దూది మీద నూనె పోసి ఇచ్చి, పక్కన నిలబడి చెప్పాడు: "కింద నుంచి పైకి తుడువమ్మా. గుంజొద్దు. నూనె తగిలితే అదే వదుల్తాది." అమ్మ ఒక్కో ముడతా తీసింది. మెడ, బుగ్గలు, కళ్ల కింద, నుదురు. ఆఖరి పొర కూడా వచ్చి నా మొహం బయటపడ్డాక, ముసలి మొహం చూసినప్పటి కంటే ఎక్కువగా ఏడ్చింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. మామకు అయింది. నా చెవిలో అన్నాడు: "ఆమె పోగొట్టుకున్నది ఈ వయసోన్నే కదబ్బీ."

ఆనాటి నుంచి ఆయన అమ్మకు అన్న. మేం కలిసే శుక్రవారం వచ్చిందంటే పొట్టేలు చియ్యాల కూర, రాగిసంగటి ముద్ద డబ్బాలో పెట్టి, "అన్నకియ్యి, వేడిగా ఉన్నప్పుడే ఇయ్యి," అని నన్ను తరిమేది. ఆయన డబ్బా ఖాళీగా తిరిగి పంపేవాడు కాదు. ఖర్జూరాలో, ఒక నిమ్మకాయో, ఏదో ఒకటి వేసి ఇచ్చేవాడు.

ఆయన మాత్రం జుట్టుకూ మీసానికీ నల్లరంగు వేసుకునేవాడు. పది రోజులకొకసారి, శ్రద్ధగా. ఒకసారి ఎగతాళి చేశాను. "మమ్మల్ని ముసలోళ్లను చేసి నువ్వు పడుచోడివి అవుతాండావే మామా!"

"మీది రెండు గంటల వేషం. నాది ఇఖామా ఉన్నంత కాలం," అన్నాడు నవ్వుతూ. అరవై దాటినవాడి చేతిలో కత్తెర వణుకుతుందని షాపు నడిపే ముదీర్ అనుకుంటాడట. పని పోతే ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చే ఇఖామా కూడా పోతుంది. రాయచోటిలో భార్య ఎప్పుడో పోయింది. కూతురు సంసారం కూతురిది. పని మానితే ఎక్కడికి వెళ్లాలో ఆయనకు నిజంగా తెలియదని, ఆ నవ్వు చూసినప్పుడు నాకు అనిపించింది. అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆయనను ఆఖరిసారి చూసింది పోవడానికి మూడు వారాల ముందు. ఈ పని ఎవరికైనా నేర్పాలని ఆయనకు తొందరగా ఉండేది. నేర్చుకోమంటే ఎప్పుడూ నేనేదో సాకు చెప్పేవాణ్ణి. ఆ రోజు గదికి వెళ్లగానే తన గోధుమరంగు పెన్సిలు నా చేతిలో పెట్టి, తను కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు వారంగా జ్వరం. రంగు వేసుకోలేదు. మీసం మొదళ్లు తెల్లగా కనబడుతున్నాయి.

"ఊ. నన్ను ముసలోన్ని చెయ్యి."

అప్పుడు ఆయన నాతో చేయించినట్టే నవ్వమన్నాను, కోప్పడమన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి వేలితో వెతికాను. కంటి కింద రెండు సంచులు. ముక్కు నుంచి నోటి దాకా లోతైన గాడి. చెంపల మీద మచ్చలు. మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. ఇన్నేళ్లుగా నా మొహానికి అంత దగ్గరగా ఉన్న ఆ మొహాన్ని నేను ఒక్కసారీ సరిగా చూడలేదు. పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏంది, చేయి రావడంల్యాదా?"

"గీసేదానికేం మిగల్లేదు మామా."

ఆయన గట్టిగా నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అది కనపడిందంటే నీకు పని వచ్చినట్టే," అని నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని మళ్లీ నాకే ఇచ్చాడు. ఈసారి దాచుకోమని.

కూతురితో దర్జీ అన్న ఫోనులో మాట్లాడాడు. "మా నాయన ముప్పై ఏండ్లు ఉన్న ఊరు, ఆడనే మట్టి చేయండి," అని ఆమె ఏడుస్తూ చెప్పిందట. మరుసటి రోజు సాయంకాలపు అసర్ నమాజు తర్వాత ఖననం. నేను సగం రోజు సెలవడిగి వెళ్లాను. షాపులో పనిచేసేవాళ్లు, గదివాళ్లు, నాటకాలవాళ్లు కలిసి ఒక ఇరవైమంది ఉంటామనుకున్నాం. పక్కన వేరేవాళ్ల ఖననానికి వచ్చినవాళ్లు కూడా, ఎవరో ఏమిటో అడగకుండా మా వరసలో కలిశారు. ముస్లింలు నమాజు చేశారు. మేం వెనక నిలబడ్డాం. దర్జీ అన్న నన్ను పిలిచి, "నువ్వు గూడ ఏయి తమ్మీ," అన్నాడు. మూడు దోసిళ్ల మట్టి వేశాను. పొడి ఇసుక. వేసేలోపే సగం గాలికి పోయింది.

అందరం గేటు వైపు నడిచాం. అక్కడ రోడ్డు పక్కన తెల్ల కారు ఆగి ఉంది. అమ్మ. ఫోనులో విషయం చెప్పినప్పుడు వస్తానని నాతో అనలేదు. తనకు అన్న పోయాడని చెప్పి పనిచేసే ఇంటి యజమానురాలిని అడిగిందట. ఆమె డ్రైవరునిచ్చి పంపిందట. ఖననం దగ్గరికి ఆడవాళ్లు వెళ్లరని అమ్మ లోపలికి రాలేదు. ఎండలో, డిక్కీ తెరిచి, నీళ్ల సీసాల అట్టపెట్టె పక్కన నిలబడి ఉంది.

నేను దగ్గరికి వెళ్లగానే సీసా మూత తిప్పింది. నేను చేతులు చాచాను. నీళ్లు పోసింది. మట్టి కారిపోయింది. నా వెనక దర్జీ అన్న వచ్చి చేతులు చాచాడు. ఆయన వెనక షాపులో పనిచేసే బంగ్లాదేశ్ మనిషి, ఆయన వెనక మాకు తెలియని ఒక ఈజిప్టు ముసలాయన. అలా వరస కట్టారు. అమ్మ ఎవరి మొహమూ ఎత్తి చూడలేదు. ఒక సీసా అయిపోతే ఇంకో సీసా తీసి, వచ్చిన ప్రతి జత చేతుల మీదా, వేళ్ల సందుల్లో ఇసుక పోయేదాకా ఆగి ఆగి నీళ్లు పోస్తూనే ఉంది.