రాళ్ళు మోసిన ఊళ్ళ పేర్లు

పెనుకొండ కోట దగ్గర జరిగే ఉత్సవాలకు నాటకం తయారుచేయమని హిందూపురంలో తెలుగు పంతులుగా ఉన్న నన్ను అడిగారు. నేను చేసిన మొదటి పని అందులోంచి ఒక పాటను తీసేయడం.

ఆ పాట పరిగి దగ్గర ఒక ఊళ్ళో ఆరుబయట నాటకాలాడే బృందానిది. వాళ్ళ ఆటలో రాయలు నేరుగా జనం ముందుకు రాడు. ఇద్దరు మనుషులు పాత ధర్మవరం పట్టుచీరను తెరగా పట్టుకుంటారు. దాని వెనక నిలబడి, కోటగోడకు రాళ్ళు మోసిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే పాడతాడు. పేరు వినబడగానే ఆ ఊరివాళ్ళు “ఉండాము!” అని కేక వేస్తారు. అన్ని ఊళ్ళూ పలికాకే తెర దిగుతుంది. ఆ పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. రాయల వేషం కట్టే పెద్దాయనకు మాత్రమే వరసగా వచ్చు. గొర్రెలు మేపుకునే మనిషి.

ఉత్సవాల్లో ఆడాల్సింది ఆ బృందమే, కానీ నాకిచ్చింది అరగంట. లేపాక్షి చూసుకుని బస్సుల్లో వచ్చే యాత్రికులకు ఈ పల్లెల పేర్లెందుకనుకున్నాను. అంతటితో ఆగలేదు. మాటలన్నీ వేరే గొంతుతో రికార్డు చేయించి, వేషగాళ్ళు పెదాలు కదిపితే చాలన్నాను.

“నా గొంతుకేమైంది సారూ?” అన్నాడు పెద్దాయన.

“బాగుంది పెద్దాయనా. మైకులో సరిగా పలకదు, అంతే.”

“ఊర్ల పేర్లు లేకుండా తెర దించితే జనాలు యాడ పలుకుతారప్పా?”

“ఈసారికి పలకరులే” అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రం పల్లెల వాళ్ళు టెంపోల్లో వచ్చి కుర్చీల వెనక నిలబడ్డారు. రికార్డు మొదలైంది. పెద్దాయన కిరీటం పెట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. రాయల గొంతు స్పీకర్లలోంచి వస్తోంది, రాయలు మాత్రం కదలడు.

“ఏమబ్బా, రాయలకు నోరు పడిపోయిందా?” అన్నారెవరో వెనకనుంచి.

“మా ఊరు యాడ పాయె? మేము మోసిన రాళ్ళన్నా ఉండాయా, అవీ పీకినారా?”

యాత్రికులు నవ్వుతూ ఫోన్లెత్తారు. ఉత్సవాల బాధ్యత చూస్తున్న అధికారి నా దగ్గరికొచ్చి, “ఏమిటండీ ఇది?” అన్నాడు.

“వయసైపోయింది సార్. మరిచిపోయినాడు.”

మరిచిపోవడానికి ఆయన చెప్పాల్సిన మాట ఒక్కటీ లేదు. అది నాకు తెలుసు. మళ్ళీ ఏడు నన్ను పిలవరేమోనన్న భయంతో అనేశాను. పక్కనే మద్దెల మూట కట్టుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు.

ఏడాది తర్వాత ఆ మద్దెలాయన హిందూపురం బస్టాండులో కనబడ్డాడు. పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాను.

“బాగుండాడు సారూ. రాయలేషం ఈసారి వేరే ఆయప్పకిచ్చినాము. మరిచిపోతాండాడని మీరే అంటిరి కదా. సదువుకున్నోళ్ళు ఊరికే అంటారా?”

మర్నాడు ఆ ఊరికి పోయాను. పొద్దు వాలుతుండగా బడి ముందర ఆట నేర్చుకుంటున్నారు. పెద్దాయన తెర ఒక కొస పట్టుకుని ఉన్నాడు. నిలబడ్డచోటి నుంచే అందరికీ వినబడేలా చెప్పాను, ఆయన మరిచిపోలేదని, నేను అబద్ధమాడానని. వేషం ఆయనకే ఇవ్వమన్నాను.

పెద్దాయన అన్నాడు: “పూజ చేసి ఆయప్పకు గజ్జెలు కట్టినాము సారూ. ఆట ముగిసేదాకా ఇప్పేది లేదు. ఇంత దూరం వచ్చినావు కదా, ఆ కొస పట్టుకో. పట్టేవాడు ఇంకా రాలేదు.”

పట్టుకున్నాను. కొత్త రాయలు పాట ఎత్తుకుని, నాలుగో ఊరి దగ్గర ఆగిపోయాడు. పెద్దాయన అందించలేదు. తెర మీదుగా నావైపు చూశాడు. ఆయన చెప్పగా రాసుకున్న ఆ పేర్లన్నిటి మీదా ఎర్రగీత గీసినవాణ్ణి నేనే. ఎంత తడుముకున్నా ఒక్కటీ గుర్తు రాలేదు. తల అడ్డంగా ఊపాను.

అప్పుడు పెద్దాయన రాయలవైపు తిరిగి, మెల్లగా ఆ ఊరి పేరు చెప్పాడు.