నలభై ఆరుకూ నలభై ఏడుకూ మధ్య

నా చేతిరాత ముద్దుగా ఉంటుందని బళ్ళారిలో చాలామంది అంటారు. షాపుల బోర్డులు, లారీల వెనక పేర్లు, ఎన్నికలప్పుడు గోడలు, అన్నీ రాశాను. కన్నడంలో అడిగితే కన్నడం, తెలుగులో అడిగితే తెలుగు. ఆ రాత చూసే సర్కారు ఆఫీసువాళ్లు నన్ను సర్వే పనికి కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. గుడిసెల వాడల్లో ఇంటింటి గోడ మీదా నంబరు వేయాలి. నంబరు పడ్డ ఇంటివాళ్లకు ఊరి బయట కడుతున్న మూడంతస్తుల బిల్డింగుల్లో ఒక ఇల్లు వస్తుంది. పడకపోతే రాదు. ఇందులో తికమకేమీ లేదు. సున్నపుబట్టీల గేరి అనే వాడలో నూట పన్నెండు నంబర్లు రాశాను. రాయని ఒక్క ఇంటి గురించి చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను, నా మొహం మండ.

ఆ ఇల్లు పంపమ్మది. నేను పంపక్కా అని పిలుస్తాను. తెక్కలకోట నుంచి కోడలిగా బళ్ళారికి వచ్చిన మనిషి. నాట్లు వేయడం, కలుపు తీయడం తప్ప ఏమీ తెలియనిది, ఇక్కడికొచ్చి జీన్స్ కార్ఖానాలో కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని నేర్చుకుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ప్యాంట్ల నీలిరంగు ఆమె గోళ్లలోంచి ఎంత తోమినా పోదు. మొగుడు నెట్టికంటప్ప, బియ్యం మిల్లులో హమాలీ. సిరుగుప్ప నుంచి వచ్చే వడ్ల లారీలు దించేవాడు. ఆ దుమ్ముకు గొంతు పట్టేసి, ఎక్కడికి పోయినా ముందు గొంతు సవరింపు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేవాడు. వాడలో పిల్లలు అదే చప్పుడు చేసి నవ్వితే తనూ నవ్వేవాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. వాళ్లకు ఆ ఒక్క గది కట్టడానికి పదకొండేళ్లు పట్టింది. మొదట నాలుగు గుంజలు, పైన గోనెపట్టాలు. ఆ తర్వాత ఏడాదికో గోడ. వీధి వైపు గోడ అన్నిటికన్నా చివర లేచింది. ఆ గోడకు పంపక్క తన చేత్తోనే సున్నం కొట్టింది. పిల్లలు కలగలేదు. ఆ ఇంటినే సాకింది. ఎవరైనా ఆ గోడ మీద ఉమ్మితే చీపురు తీసుకుని వెంటపడేది.

ఒక మధ్యాహ్నం నెట్టికంటప్ప మిల్లు నుంచి వచ్చి, నీళ్లడిగి, ఆమె చెంబు తెచ్చేలోగా ఆ గోడకే ఆనుకుని ప్రాణం విడిచాడు. పంచాంగం చూసే విరూపాక్షయ్య వచ్చి వేళ్లు మడిచి లెక్కవేశాడు.

"ధనిష్ఠలో పోయినాడమ్మా. ఆరు నెల్లు ఇల్లు పాడుపెట్టల్ల. లోపల దీపం పెట్టకూడదు, పొయ్యి ముట్టియ్యకూడదు."

ఆ నక్షత్రంలో పోయినవాడు ఆరు నెలలు ఆ ఇంట్లోనే తిరుగుతాడని, ఇల్లు మొత్తం అతనికే వదిలేయాలని, ఎవరైనా ఉన్నా ముట్టినా వాళ్లకు చేటని మావైపు నమ్మకం. పంపక్క తాళం వేసింది. తలుపుకు అడ్డంగా ముళ్ల జాలికంప పెట్టింది. ఒక ట్రంకు పెట్టె మోసుకుని కార్ఖానా వరండాలో ఒక మూలకు చేరింది.

నా పెళ్లాం రోహిణి అదే కార్ఖానాలో మిషను కుట్టేది. పెళ్లయ్యాక రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి జారిపోయింది. మూడోసారి నిలిచి ఏడో నెల నడుస్తోంది. పంపక్క ఆ వరండాలోనే ఉండి, తను తిన్నా తినకున్నా, మా రోహిణికి మాత్రం రోజూ ఏదో ఒకటి దాచిపెట్టి తినిపించేది. ఒకరోజు బొరుగుల ఉగ్గాని, ఒకరోజు మజ్జిగ. అలాంటి మనిషి ఆమె. ఇది గుర్తుపెట్టుకుని తక్కింది వినండి.

ఆ ఇల్లు మూతపడిన నాలుగో నెలలో సర్వే వచ్చింది. ఇంజనీరు చేతన్, చిన్న వయసు, కన్నడం మనిషి, చేతిలో ట్యాబు పట్టుకుని నా వెనక నడుస్తున్నాడు. పద్ధతి ఏమిటంటే, గోడ మీద నంబరు, నంబరుతో ఫొటో, ఫొటో ఉంటేనే ట్యాబులో పేరు. నలభై ఆరు రాసి పక్కింటికి తిరిగాను. ఎదురుగా జాలికంప.

పక్క గుమ్మంలోంచి హొన్నూరమ్మ పరుగున వచ్చింది.

"తిరుమలేషా, ఆ గోడ ముట్టొద్దప్పా! ధనిష్ఠ ఇల్లది. పంపమ్మ పేరు బుక్కులో రాసుకో. గోడ మాత్రం ముట్టొద్దు. నీ పెండ్లాము కడుపుతో ఉండాది!"

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బ్రష్షు నుంచి ఎర్రరంగు కారి చెప్పు మీద పడింది. సరిగ్గా అప్పుడే, తాళం వేసిన ఆ ఇంట్లోంచి, ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. ఎలుకేమో. రేకుల కింద గాలేమో. నాకు మాత్రం అది నెట్టికంటప్ప గొంతే.

"యారిద్దారప్పా ఇల్లి?" ఇక్కడ ఎవరున్నారని చేతన్ అడిగాడు, ట్యాబులోంచి తల ఎత్తకుండానే.

ఉన్నారంటే నంబరు వేయాలి. వేస్తే గోడ ముట్టాలి.

"ఎవరూ లేరు సార్," అన్నాను. "ఖాళీ."

ఆయన వేలితో ఏదో నొక్కి ముందుకు కదిలాడు. నలభై ఏడు హొన్నూరమ్మ గోడ మీద పడింది. ఒక పలక మీద నంబరు రాసి ఆ కంపకు తగిలించి ఫొటో తీయించినా సరిపోయేది. ఆ బుద్ధి అప్పుడు ఏ గంగలో కలిసిందో తెలియదు.

రెండు నెలలకు పాప పుట్టింది. తల్లీబిడ్డలిద్దరూ చల్లగా ఉన్నారు. పంపక్క జీన్సు ముక్కలు అతికి చిన్న బొంత కుట్టి పంపింది. ఆరు నెలలు ఇంకా నిండలేదని తను రాలేదు. ఆ బొంత మీద పాపను పడుకోబెట్టి, గోడ ముట్టకపోవడమే మంచిదయిందని అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

గడువు తీరాక పంపక్క కంప తీసేసి, సున్నం కొట్టి, దీపం పెట్టి ఇంట్లో చేరింది. పాపకు ఐదో నెలలో ఆఫీసు గోడకు లిస్టు అంటించారు. నలభై ఆరు ఉంది, నలభై ఏడు ఉంది, పంపక్క లేదు. ఆమె కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు నేను అక్కడే బోర్డు రాస్తున్నాను.

చేతన్ చెడ్డవాడు కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. రేషన్ కార్డు చూశాడు, ఓటరు కార్డు చూశాడు, కరెంటు బిల్లులు చూశాడు. బిల్లుల దగ్గర ఆగాడు.

"నోడమ్మా, ఆరు తింగళు, ఆరు నెలలు, ఒక్క యూనిట్టూ కాల్లేదు. అంటే ఇంట్లో ఎవరూ లేరు కదా?"

"ఎవరూ లేకపోయేదేంది సార్? మా ఆయన ఉన్న్యాడు."

"ఎక్కడ? పిలువు ఆయన్ని."

"ఇంట్లోనే సార్. ఆరు నెల్లు ఆయనకే ఇడిస్తిమి కదా ఇల్లు."

వెనక గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు చెయ్యి చూపించింది. "మా తిరుమలేషే నంబర్లు రాసినాడు సార్. ఆయప్పను అడగండి, ఇల్లుండాదో లేదో చెప్తాడు."

అందరూ నన్నే చూశారు. ఖాళీ అని నేనే చెప్పానంటే పని పోతుంది. ఇంట్లో ఐదు నెలల పసిబిడ్డ.

"అన్ని ఇండ్లలో యాడ గుర్తుంటాది సార్," అని డబ్బా మూత కోసం వంగాను. లేచేసరికి పంపక్క కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంటోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరో మూడు నెలలకు వాడలోకి ఇళ్లు కూల్చే మిషను వచ్చింది. జనం తట్టాబుట్టా లారీల్లో వేసుకుని కొత్త బిల్డింగులకు పోతుంటే, వెనక గోడలు పడుతున్నాయి. నలభై ఆరు పడింది. పంపక్క తన గుమ్మంలో కూర్చుని ఉంది. డ్రైవరు దిగి, లిస్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ ఇల్లు ఇందులో లేదప్పా. లేంది కూలిస్తే నా మీదికొస్తాది," అని పక్కకు తిప్పి నలభై ఏడు మీదికి పోయాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఆ కాగితం వరమూ ఇవ్వలేదు, చావూ ఇవ్వలేదు. నూట పన్నెండు ఇళ్లు పోయి మట్టి చదునయ్యాక, మధ్యలో పంపక్క ఇల్లొక్కటే మిగిలింది. కరెంటు తీగ తెంపేశారు. కొళాయి పీకేశారు. ఆమె బిందె మోసుకుంటూ రోడ్డు దాటి పోయి వచ్చేది. బ్రూస్‌పేటలో పని ముగించుకుని నేను సాయంత్రం ఆ దారినే రావాలి. అంత బయలులో ఒక్క నూనె దీపం కనిపించేది. తల తిప్పుకున్నా అది కంటి చివర ఉండేది.

అప్పటి నుంచి నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఏ బోర్డు మీదైనా ఫోను నంబరు రాస్తుంటే, నలభై ఆరు వచ్చిందంటే చెయ్యి ఆగిపోతుంది. వెనక ఎవరో గొంతు సవరించుకుంటారు. తిరిగి చూస్తే షాపువాడు, "ఏమప్పా, ఆపితివి?" అంటాడు. ఇంటికొస్తే ఆ నీలిబొంత మీద పాప. ఎన్నాళ్లు దాచుకుంటాను? ఒకరోజు రోహిణికి అంతా చెప్పేశాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అంది: "నా కడుపు అడ్డం పెట్టుకుని చెప్తివి ఆ అబద్ధం. పో, పోయి ఆమె కాళ్లు పట్టుకో."

పొద్దు వాలుతుండగా రంగు డబ్బా పట్టుకుని పోయాను. పంపక్క గుమ్మంలో కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. నిలబడే అంతా చెప్పాను. భయపడి అబద్ధమాడానని, ఆఫీసులో పిరికివాడినై వంగానని. ఆమె చేతిలో కత్తెర ఆగలేదు.

"నాకు తెలుసప్పా," అంది. "హొన్నూరమ్మను నీకాడికి పంపించిందే నేను."

నేను డబ్బా కింద పెట్టాను.

"ఆ పొద్దు కరెంటు కంబం చాటున నిలబడి చూస్తాంటి. మొగుడు పోయినదాన్ని, నేను ఎదురొస్తే నీకు మంచిది కాదని రాలా. రోహిణికి రెండుసార్లు పాయె. మూడోది నా గోడ వల్ల పోతే నేను బతకల్నా? గోడ ముట్టనియ్యొద్దు, పేరు బుక్కులో రాసుకోమను అని చెప్పి పంపిస్తి. గోడ మీద పడకుంటే బుక్కులో ఎక్కదని నాకేం తెలుసు?" అప్పుడు తల ఎత్తింది. "పాప బాగుండాదా?"

ఏడుపు ఆగలేదు. ముప్పై రెండేళ్ల మగాణ్ణి, ఆమె గుమ్మంలో కూలబడి పిల్లాడిలా ఏడ్చాను. కాసేపటికి డబ్బా మూత తీసి బ్రష్షు ముంచాను.

"ఇప్పుడు రాస్తా అక్కా."

"వద్దు వద్దు!" నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నంబరు పడితే మిషను వస్తాది. ముందు ఆఫీసులో చెప్పి చూడు. బిల్డింగులో ఇల్లిస్తే మా ఆయనతో చెప్పుకుని పోతా. ఇయ్యకుంటే ఈ గోడైనా ఉండనీ."

మర్నాడే చేతన్ ముందు నిలబడి, పని పోతే పోనీ అని, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తిట్టలేదు.

"బిల్డింగుల్లో ఒక్క తలుపూ మిగల్లేదు తిరుమలేష్. తాళాలన్నీ ఇచ్చేశాం. ఇంకోటి ఎప్పుడు కడతారో నాకే తెలియదు." ట్యాబు ముందుకు లాక్కున్నాడు. "నువ్వు చెప్పింది నేను ఎక్కిస్తే, ఆ జాగాలో ఇల్లుందని ఎక్కించాలి. ఎక్కిస్తే సోమవారం మిషను పోతుంది. ఆమెకు ఇల్లు రాదు, ఉన్నది పోతుంది." వేలు ట్యాబు మీద పెట్టి నా కళ్లలోకి చూశాడు. "ఈగ హేళు. మనె ఇదెయా, ఇల్వా?"

ఇప్పుడు చెప్పు, ఇల్లుందా లేదా అని. పదకొండేళ్లు కట్టిన ఇల్లు. నాలుగు గోడలు, రేకులు, గుమ్మంలో మనిషి. ఉందని చెప్పడానికే పని మీద ఆశ వదులుకుని వచ్చినవాణ్ణి.

"ఎవరూ లేరు సార్," అన్నాను. "ఖాళీ."

ఆయన ట్యాబు మూసేశాడు. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ ఆదివారం సాయంత్రం రోహిణి, నేను పాపను ఎత్తుకుని పంపక్క ఇంటికి పోయాం. ఆఫీసు మాట చెప్పాను. "సరిలేప్పా," అంది. కాసేపటికి ఉగ్గాని చేసి పెట్టింది. పాపకు పదకొండో నెల, ఇంకా నిలబడటం రాదు. నీలిబొంత మీద కూర్చోబెడితే పాక్కుంటూ వీధి వైపు గోడ దగ్గరికి పోయింది. రోహిణి చటుక్కున లేవబోయి, పంపక్క మొహం చూసి ఆగింది. పాప రెండు అరచేతులూ ఆ గోడకు ఆనించింది. ఊగింది. మెల్లగా లేచి నిలబడింది.

పంపక్క కళ్లు తుడుచుకుంటూ, చీకటి పడుతున్న గదిలోకి తల తిప్పి అంది: "చూస్తివా, పాప నిలబడింది."

లోపల ఎవరూ లేరని మూడోసారి అనడానికి నాకు నోరు రాలేదు.